తీసేయడమూ డిజైనే!

ఇంజినీరింగ్‌ నాలుగో ఏడాది మొదలైందంటే ఇంట్లో కొత్త మాట ఒకటి వినిపిస్తుంది... ‘ప్రాజెక్టు’. సూర్యాపేటైనా, కోదాడైనా, మిర్యాలగూడైనా అదే మాట. ‘బ్యాచ్‌ కుదిరింది నాన్నా’ అంటాడు అబ్బాయి. ‘టైటిల్‌ ఇవ్వడానికి రేపే ఆఖరమ్మా’ అంటుంది అమ్మాయి. ఆ తర్వాత వచ్చే మాట మాత్రం ఏ నాన్నకైనా ఇట్టే అర్థమవుతుంది. ‘డబ్బులు కావాలి!’

డబ్బులెందుకు? చాలామంది విషయంలో సమాధానం ఒకటే. హైదరాబాద్‌ బస్సెక్కి, తయారుగా ఉన్న ప్రాజెక్టు ఒకటి కొని తెచ్చుకోవడానికి. కిట్టు, రిపోర్టు, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు... అన్నీ ఒకే ప్యాకెట్లో దొరుకుతాయి. మార్కులూ వస్తాయి. పట్టా కూడా వస్తుంది. రానిదల్లా ఒక్కటే. నాలుగేళ్ల చదువులో పిల్లలు సొంతంగా ఒక సమస్యను పట్టుకుని, దానితో కుస్తీ పట్టే ఆ ఒక్క అవకాశం. కష్టపడి ఫీజులు కట్టిన తల్లిదండ్రులకు దీన్ని మించిన నష్టం ఏముంటుంది?

సరే, కొనొద్దనుకున్నారు. సొంతంగానే చేద్దామనుకున్నారు. ‘పర్యావరణానికి మేలు చేసేది ఏదైనా ఆలోచించండి’ అన్నారు మాస్టారు. అప్పుడేమవుతుంది? కాగితం మీదికి సాధారణంగా వచ్చే పేర్లు ఇవీ: సోలార్‌ పంపు, సోలార్‌ సైకిల్‌, మనుషులు వస్తేనే వెలిగే వీధి దీపం, ప్లాస్టిక్‌ ఇటుక, నిండగానే సందేశం పంపే స్మార్ట్‌ చెత్తకుండీ, వీటన్నింటికీ ఒక మొబైల్‌ యాప్‌. దేన్నీ తప్పుపట్టలేం. కానీ ఒక్క విషయం గమనించారా? ఉన్నదానికి ఇంకొకటి తగిలించడమే చాలావాటి సారాంశం. ప్యానెల్‌ తగిలించు, సెన్సర్‌ తగిలించు, మోటారు తగిలించు!

సుస్థిర అభివృద్ధి అనే మాటకు ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘం 1987లోనే అర్థం చెప్పింది. నేటి అవసరాలు తీరాలి, రేపటివాళ్ల అవసరాలకు అడ్డు రాకూడదు. మన భాషలో చెప్పుకోవాలంటే, మనవళ్ల నెత్తిన అప్పు పెట్టని పని. తగిలించిన ప్రతి వస్తువూ కొంత అప్పు తెస్తుంది. దానికి బ్యాటరీ కావాలి, రిపేరు కావాలి, చివరికి పారేసే చోటు కావాలి. మరి పిల్లల ఆలోచన తగిలించడం వైపే ఎందుకు పరిగెడుతుంది?

కుండీలు తీసేసిన ఊరు

ఆ స్మార్ట్‌ చెత్తకుండీ దగ్గరే కాసేపు ఆగుదాం. ఎందుకంటే కుండీల సంగతి సూర్యాపేటకు తెలిసినంతగా తెలిసిన ఊళ్లు తక్కువ. 2000 దశకం తొలినాళ్లలో ఇక్కడ ఒక పని జరిగింది. అప్పటి మున్సిపల్‌ కమిషనర్‌ ఎస్‌.ఎ. ఖాదర్‌ సాహెబ్‌ హయాంలో దాదాపు లక్ష జనాభా ఉన్న ఈ పట్టణం ‘చెత్తకుండీలు లేని ఊరు’గా పేరు తెచ్చుకుంది. కొత్త కుండీలు పెట్టలేదు. వీధి కుండీల అవసరమే లేకుండా చేశారు.

అదెలాగంటే... ఇంట్లోనే తడి చెత్త ఒక బుట్టలో, పొడి చెత్త ఇంకో బుట్టలో వేయమన్నారు. ట్రాక్టర్‌ ఇంటి ముందుకే వచ్చింది. తడి చెత్త ఎరువైంది. పొడి చెత్తలో అమ్ముడుపోయేది అమ్ముడుపోయింది. మున్సిపాలిటీకి ఖర్చుగా ఉన్న చెత్త మీదే కాస్త ఆదాయమూ కనిపించింది. దేశంలో చెత్త నిర్వహణ గురించి రాసిన పుస్తకాల్లో సూర్యాపేట ఉదాహరణగా చేరింది.

ఇందులో ఇంజినీరింగ్‌ ఏముంది అంటారా? అంతా ఇంజినీరింగే! కుండీ నిండిపోవడం సమస్య అనుకుంటే జవాబు సెన్సర్‌. చెత్త కలిసిపోవడం సమస్య అనుకుంటే జవాబు రెండు బుట్టలు. అన్నం మెతుకులూ, గాజుపెంకులూ, ప్లాస్టిక్‌ కవర్లూ ఒకసారి కలిశాయంటే వాటిని విడదీయడం ఎంత గొప్ప యంత్రానికైనా కష్టమే. కలవకుండా చూడటం మాత్రం ఇంటి ఇల్లాలికి చిటికెలో పని. సమస్యకు ఏ పేరు పెట్టామన్న దాన్ని బట్టి పరిష్కారం ఉంటుంది. కుండీకి సెన్సర్‌ పెట్టాలనుకునే బ్యాచ్‌ ముందుగా అడగాల్సిన ప్రశ్న ‘కుండీ ఎప్పుడు నిండుతుంది’ అని కాదు, ‘అసలు కుండీ ఎందుకు?’ అని.

ఇటుక తీస్తే రూపాయి మిగిలేది

తీసేయాలన్న ఆలోచన మనకు సులువుగా తట్టదు. అది మన పిల్లల లోపం కాదు, మనిషి బుర్ర తీరే అంత. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ సంగతి తేల్చి 2021లో ‘నేచర్‌’ పత్రికలో ప్రచురించారు. వాళ్లలో లీడీ క్లాట్జ్‌ అనే ఇంజినీరింగ్‌ ఆచార్యుడూ ఉన్నాడు.

పరీక్ష చాలా సరదాగా ఉంటుంది. పిల్లలు ఆడుకునే లెగో ఇటుకలతో చిన్న కట్టడం. పైకప్పు ఒక మూలన ఒకే ఒక్క ఇటుక మీద నిలబడి ఉంది. బరువు పెడితే కూలుతుంది. దాన్ని గట్టిగా నిలబెడితే ఒక డాలరు బహుమతి. అయితే అదనంగా పెట్టే ప్రతి ఇటుకకూ 10 సెంట్లు కోత. సులువైన దారి ఏమిటి? ఆ ఒక్క ఇటుకనూ తీసేయడం! కప్పు కిందికి దిగి, కింది భాగం మీద నేరుగా కూర్చుంటుంది. పైసా ఖర్చు లేదు. అయినా నూటికి 41 మందికే ఆ ఉపాయం తట్టింది. ‘ఇటుకలు తీయడానికి మాత్రం ఖర్చు లేదు’ అని ఒక్క మాట ముందుగా గుర్తు చేస్తే, నూటికి 61 మంది తీసేశారు.

ఇందులో ఒక ఊరట ఉంది. తీసేయడం చేతకాక కాదు, గుర్తురాక. గుర్తుచేసే మనిషి ఒకరుంటే చాలు. కాలేజీలో ఆ పని మాస్టారు చేయొచ్చు. ఇంట్లో మీరు చేయొచ్చు.

మొదట చూసిన బొమ్మ వదలదు

రెండో చిక్కు ఇంకా తమాషాగా ఉంటుంది. టైటిల్‌ అనగానే పిల్లలు చేసే మొదటి పని ఇంటర్నెట్లో వెతకడం. ‘నలుగురు ఏం చేశారో చూస్తే తప్పేంటి?’ అంటారు. తప్పు లేదు గానీ, చూసిన బొమ్మ కళ్ల ముందునుంచి కదలదు. 

అమెరికాలోని టెక్సస్‌ ఎ అండ్‌ ఎం విశ్వవిద్యాలయంలో డేవిడ్‌ జాన్సన్‌, స్టీవెన్‌ స్మిత్‌ అనే ఇద్దరు దీన్ని పరీక్షించి 1991లో ప్రచురించారు. ఒలకని కాఫీ కప్పును డిజైన్‌ చేయమని ఇంజినీరింగ్‌ విద్యార్థులకు చెప్పారు. ‘స్ట్రా మాత్రం వాడకండి’ అని నిబంధన పెట్టారు. కొందరికి స్ట్రా ఉన్న కప్పు బొమ్మనే నమూనాగా చూపించారు. ఏమైంది? ఆ బొమ్మ చూసినవాళ్లలో చాలామంది వద్దన్న స్ట్రానే మళ్లీ గీశారు! నమూనాలో ఉన్న లోపాలు వాళ్ల డిజైన్లలోకీ పాకాయి. చూడనివాళ్లు నయం. దీనికి పరిశోధకులు పెట్టిన పేరును తెలుగులో ‘ఆలోచన అతుక్కుపోవడం’ అనుకోవచ్చు.

కోదాడలో కూర్చుని ఎక్కడిదో నమూనా చూసి చేసిన ప్రాజెక్టులో కోదాడ కనిపించకపోవడానికి కారణం ఇదే. ఇక్కడి ఎండ, ఇక్కడి కరెంటు, ఇక్కడి రిపేరు షాపు... ఇవేవీ ఆ బొమ్మలో ఉండవు కదా! అందుకే ముందు ఊరు చూడాలి, తర్వాతే ఇంటర్నెట్‌ చూడాలి. మొదటి వారం పిల్లల చేతిలో ఉండాల్సింది మౌస్‌ కాదు, నోటు పుస్తకం.

ఊక వెంట నడిస్తే...

ఊరు చూడటమంటే ఏమిటో మిర్యాలగూడ చెబుతుంది. సాగర్‌ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక వరి పెరిగింది. వరి వెంట మిల్లులొచ్చాయి. ఉప్పుడు బియ్యానికి ఈ ఊరు పెట్టింది పేరు. క్వింటాలు ధాన్యం ఆడిస్తే 20 కిలోలకు పైగా ఊక వస్తుంది. ఆ ఊకే మిల్లు బాయిలర్‌కు ఇంధనం. ధాన్యాన్ని ఉడకబెట్టే ఆవిరి ధాన్యం పొట్టుతోనే పుడుతుంది. సుస్థిరత అనే మాట పుస్తకాల్లోకి రాకముందే మిల్లువాళ్లకు తెలిసిన లెక్క ఇది.

కథ అక్కడితో అయిపోదు. కాలిన ఊకలో అయిదోవంతు దాకా బూడిదగా మిగులుతుంది. అంటే క్వింటాలు ధాన్యానికి నాలుగు కిలోలు. చూడ్డానికి కొంచెమే. మిల్లుల బస్తాలన్నీ కలిపితే గుట్టలే! దాంతో ఇటుకలు చేద్దాం, సిమెంటులో కలుపుదాం అనేది సివిల్‌ విద్యార్థులకు ఇష్టమైన ప్రాజెక్టు. మంచి ఆలోచనే. ఊక బూడిదలో 85 శాతానికి పైగా సిలికానే మరి.

ఇక్కడే అసలు పరీక్ష. ఏ బూడిద? దాదాపు 700 డిగ్రీల లోపు అదుపులో కాలిన ఊక బూడిద సున్నంతో బాగా కలిసి గట్టిపడుతుంది. వేడి బాగా మించిపోతే అందులోని సిలికా స్ఫటికంగా మారుతుంది, ఆ గుణం తగ్గిపోతుంది. సగం కాలి నల్లగా ఉంటే అందులో బొగ్గు మిగిలి, కాంక్రీటు ఎక్కువ నీళ్లు తాగుతుంది. ల్యాబ్‌లో తెచ్చిపెట్టుకున్న బూడిదతో వచ్చిన ఫలితం మిల్లు వెనక గుట్ట నుంచి తెచ్చిన బూడిదతో రావాలని లేదు. కాబట్టి మంచి బ్యాచ్‌ ఇటుక దగ్గర మొదలుపెట్టదు, బాయిలర్‌ దగ్గర మొదలుపెడుతుంది. మిల్లు ఆపరేటర్‌తో నాలుగు మాటలు మాట్లాడుతుంది. ‘రోజూ ఒకే వేడి ఉంటుందా? బూడిద తడుపుతారా? ఎవరు తీసుకెళ్తారు?’ ఈ ప్రశ్నల్లో సగం ప్రాజెక్టు ఉంది.

నీళ్ల సంగతీ అంతే. ఉప్పుడు బియ్యం కోసం ధాన్యాన్ని నానబెట్టాలి. కిలోకు సుమారు లీటరు నీళ్లు మురుగై బయటికి పోతాయి. రంగూ, వాసనా ఉన్న ఆ నీటిని శుద్ధి చేసే యంత్రం గురించి ఆలోచించేవాళ్లు ఎక్కువ. నానబెట్టే నీళ్లనే తగ్గించవచ్చా అని అడిగేవాళ్లు తక్కువ. మొదటిది తగిలించడం. రెండోది తీసేయడం.

నల్లగొండ పేరుతో ఒక పద్ధతి

‘తర్వాత ఎక్కడికి పోతుంది?’ అన్న ప్రశ్న ఎంత పెద్దదో ఈ ప్రాంతానికి బాగా తెలుసు. ఉమ్మడి నల్లగొండ జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్‌ ఉంది. ఆ నీళ్లు తాగి పళ్లు గారపట్టినవాళ్లు, ఎముకలు వంగిపోయినవాళ్లు ఎందరో. దీనికి విరుగుడుగా 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్‌ పరిశోధన సంస్థ ‘నీరి’ ఒక పద్ధతి తెచ్చింది. పేరే ‘నల్లగొండ టెక్నిక్‌’. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్‌ పౌడర్‌ వేసి బాగా కలిపి, పేరుకున్నాక పైతేట తీసుకోవడం. కరెంటు లేకుండా బకెట్‌తోనే చేయొచ్చు. చవక. ఆఫ్రికాలోని టాంజానియా దాకా వెళ్లింది మన జిల్లా పేరు.

అంత మంచి పద్ధతి ప్రతి ఇంట్లోనూ ఎందుకు స్థిరపడలేదు? రోజూ కొలిచి వేయాలి, కలపాలి, ఆగాలి. ఫ్లోరైడ్‌ ఎక్కువుంటే పటికా ఎక్కువే పోయాలి. రుచి మారుతుంది. అన్నింటికీ మించి, అడుగున ఫ్లోరైడ్‌తో నిండిన మడ్డి మిగులుతుంది. దాన్ని పెరట్లో పారబోస్తే? నీటిలోంచి తీసింది మళ్లీ నేలకే చేరుతుంది. రసాయనశాస్త్రం నూటికి నూరుపాళ్లు సరైనదే. దాన్ని రోజూ చేయాల్సిన తల్లి చేతులు, మడ్డి పోయాల్సిన చోటు లెక్కలోకి రాకపోతే డిజైన్‌ సగమే.

తర్వాత తర్వాత ప్రశ్నే మారింది. ‘ఈ నీటిలోంచి ఫ్లోరైడ్‌ తీయడం ఎలా?’ బదులు ‘ఈ నీళ్లే తాగకుండా చేయడం ఎలా?’ అన్నారు. కృష్ణా నీటిని తెచ్చే పథకాలు, 2016లో మొదలైన మిషన్‌ భగీరథ ఆ దారిలోవే. దానికీ ఖర్చుంది. పంపులున్నాయి, పైపులున్నాయి, కరెంటు బిల్లుంది. సుస్థిర డిజైన్‌లో ఉచితంగా వచ్చేదేదీ ఉండదు. ఏ ఖర్చు ఎవరి మీద పడుతోందో దాచకుండా చూపించడమే నిజాయతీ.

అమ్మ భుజం నొప్పి

చేతుల మాట వచ్చింది కాబట్టి ఆలేరు దగ్గరి శారాజీపేటకు వెళ్దాం. అది కూడా ఒకప్పటి నల్లగొండ జిల్లానే. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ‘ఆసు’ పోయాలి. మేకుల చుట్టూ నూలును చేత్తో తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేలసార్లు! రోజుకు రెండు చీరలైతే 18 వేలు. ఆ పని చేసి చేసి తల్లి లక్ష్మి భుజం పట్టేయడం చూశారు చింతకింది మల్లేశం. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మనిషి. యంత్రం చేయాలని 1990ల మొదట్లో పట్టుబట్టారు. ముక్కలు ముక్కలుగా చేసుకుంటూ వచ్చారు. ఒక కదలిక దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయారు. హైదరాబాద్‌ బాలానగర్‌లో పనిచేస్తుండగా వేరే యంత్రం కదలిక చూశాక ముడి వీడింది. 1999లో ‘లక్ష్మీ ఆసు యంత్రం’ తయారైంది. గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది.

ఆయన చీర నేతను మార్చలేదు, మగ్గాన్నీ మార్చలేదు. ఆ 18 వేల కదలికలు మాత్రమే తీసేశారు. నేత మిగిలింది, నొప్పి పోయింది.

దూరంగా ఇంకొకరు ఇలాగే ఆలోచించారు. అమెరికాలోని ఎంఐటీలో చదివిన ఎమీ స్మిత్‌. ఆఫ్రికా పల్లెల్లో పిండిమరల జల్లెడలు పగిలిపోయేవి. కొత్తది దొరకడం కష్టం. గట్టి జల్లెడ చేద్దామని ఆమె అనుకోలేదు. జల్లెడే లేని మర చేశారు. పిండిని గాలి వేరుచేస్తుంది. విద్యార్థి ఆవిష్కర్తలకిచ్చే లెమెల్సన్‌ బహుమతి 2000లో ఆమెకు వచ్చింది. నిలబడిన ఆలోచనలు రెండూ పాడయ్యే చోటు నుంచి, నొప్పి పుట్టే చోటు నుంచి మొదలయ్యాయి.

నలుగురి బ్యాచ్‌... ముందు ఎవరికి వారు

ఇక బ్యాచ్‌ సంగతి. సాధారణంగా ముగ్గురో నలుగురో కలిసి ఒక ప్రాజెక్టు చేస్తారు. క్యాంటీన్‌లో కూర్చుంటారు. ధైర్యంగా మాట్లాడేవాడు ఒకటి చెబుతాడు. మిగతావాళ్లు ‘బాగుందిరా’ అంటారు. అయిపోయింది! నలుగురు కలిస్తే ఆలోచనలు ఎక్కువ వస్తాయని మనం అనుకుంటాం. అమెరికాలోని యేల్‌ విశ్వవిద్యాలయంలో 1958లోనే దీన్ని సరిచూశారు. నలుగురు కలిసి కూర్చుని చెప్పిన ఆలోచనలకంటే, నలుగురు విడివిడిగా రాసుకున్నవాటిని ఒకచోట పేరిస్తేనే ఎక్కువ తేలాయి. కారణం సులువే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగేలోపు తమది మర్చిపోతారు, లేదా నవ్వుతారేమోనని మింగేస్తారు. కోదాడ పల్లె నుంచి వచ్చిన అమ్మాయి మింగేసిన ఆ మాటలోనే, వాళ్ల పొలం గట్టు మీది అసలు సమస్య ఉండొచ్చు.

కాబట్టి ముందు ఎవరి కాగితం వారిది. పది ఆలోచనలు రాసేదాకా నోరు విప్పకూడదు. మొదటి మూడూ అందరికీ ఒకేలా వస్తాయి, ఎక్కడో చూసినవే కాబట్టి. ఏడో ఎనిమిదో దగ్గర సొంతవి మొదలవుతాయి. ఆ తర్వాత నలుగురూ కలిసి వడపోయాలి.

ఈ చదువుకు ఖరీదైన ల్యాబ్‌ అక్కర్లేదు. పల్లె వెలుగు బస్సు టికెట్టు, ఒక నోటు పుస్తకం, అడిగే నోరు ఉంటే చాలు. కొన్న ప్రాజెక్టు వైవా అయిన సాయంత్రమే అటకెక్కుతుంది. పనిచేయకపోయినా సరే, సొంతంగా చేసింది మాత్రం ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘మీరేం చేశారు?’ అన్నప్పుడు పిల్లల చేత గుక్కతిప్పుకోకుండా మాట్లాడిస్తుంది.

ఇంట్లో మీరు అడగండి

మీకు ఇంజినీరింగ్‌ తెలియకపోయినా ఫర్వాలేదు. టైటిల్‌ ఇచ్చేముందు ఈ అయిదు ప్రశ్నలు వేయండి.

* ఇది ఎవరి కష్టం? ఆ మనిషితో మాట్లాడావా?

* దీనికి ఏం తగిలిస్తున్నావో చెప్పావు. ఏం తీసేయొచ్చో చూశావా?

* పాడైతే మన ఊళ్లో ఎవరు బాగుచేస్తారు? విడిభాగం ఎక్కడ దొరుకుతుంది?

* వాడేశాక మిగిలేది ఏమిటి? అది ఎక్కడికి పోతుంది?

* రోజూ దీన్ని ఎవరు నడపాలి? వాళ్లకు ఎంతసేపు పడుతుంది?

అయిదింటిలో మూడింటికి జవాబు వచ్చినా, హైదరాబాద్‌ బస్సు ఖర్చు మిగిలినట్టే!